హైలాండ్స్ సినిమాల్లో మొదట ఏది చూడాలి: 'రాబ్ రాయ్', దాని చుట్టూ మరికొన్ని

స్కాట్లండ్ ఉత్తరభాగంలోని కొండసీమను హైలాండ్స్ అంటారు. ఆ కొండల్లో మాటకు కట్టుబడి, అందువల్లే చట్టం కంట్లో దొంగగా మారి, కత్తి పట్టక తప్పని మనిషి కథను తెర మీద చూడాలనుకునేవారికి చిక్కంతా పోస్టర్ల దగ్గరే మొదలవుతుంది. గళ్ళ దుప్పటి, పొడవాటి జుట్టు, చేతిలో ఖడ్గం, వెనక మబ్బు కమ్మిన కొండ, అన్నింటి మీదా అదే బొమ్మ. లోపలి సరుకు మాత్రం ఒకదానికీ మరొకదానికీ పొంతన లేనిది. ఒకటి అప్పు కథ, ఒకటి రాజ్యం కథ, ఒకటి పిల్లల సాహసగాథ, మరొకటి శవాల లెక్క. అందుకని ఎవరు, ఎవరితో కలిసి, ఏ ఆశతో చూడబోతున్నారన్నది ముందు తేల్చుకుంటే ఎంపిక సులువవుతుంది.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. పెద్దవాళ్ళు ఒక్క సాయంత్రం ఒక్క సినిమానే చూడగలిగితే, అది 1995లో వచ్చిన 'రాబ్ రాయ్' కావాలి. అదే ఏడాది కొద్ది వారాల తేడాతో విడుదలైన 'బ్రేవ్‌హార్ట్' 5 ఆస్కార్లు గెలుచుకుని దీన్ని నీడలోకి నెట్టేసింది. 'రాబ్ రాయ్'కి దక్కింది ఒకే ఒక్క ఆస్కార్ నామినేషన్, అదీ ప్రతినాయకుడిగా నటించిన టిమ్ రాత్‌కు. ఆయనకు బ్రిటన్‌లో బాఫ్టా పురస్కారం మాత్రం వచ్చింది. అయితే ఈ రెండు సినిమాలనూ కొన్నేళ్ళ తేడాతో మళ్ళీ చూసినవారికి, మొదటిసారి పెద్దదిగా కనిపించినది కాస్త చిన్నబోవడం, చిన్నదనుకున్నది మనసులో ఇంకా మెదులుతూ ఉండడం అనుభవంలోకి వస్తుంది. నాకైతే అలాగే జరిగింది.

'రాబ్ రాయ్' కథకు మూలం 1,000 పౌండ్ల అప్పు. కాలం 1713. రాబర్ట్ రాయ్ మెక్‌గ్రెగర్ తన వాళ్ళను చలికాలం గట్టెక్కించడానికి పశువుల బేరం చేయాలనుకుని, మాంట్రోజ్ ప్రభువు దగ్గర భూమిని పూచీగా పెట్టి డబ్బు తీసుకుంటాడు. ప్రభువు ఎస్టేటు వ్యవహారాలు చూసే కారియస్తుడు కిల్లెర్న్, కన్నింగ్‌హామ్ అనే ఆడంబరపు కత్తివీరుడితో కుమ్మక్కై, ఆ డబ్బును రాబ్ స్నేహితుడి చేతికి పత్రంగా కాకుండా నాణేలుగా ఇప్పించి, రాత్రివేళ అడవిలో అతణ్ణి చంపించి, డబ్బు కాజేస్తాడు. అప్పు మాత్రం రాబ్ నెత్తిన మిగులుతుంది. ఊళ్ళో నోటు రాసి అప్పు తెచ్చుకున్న కుటుంబంలో పెరిగినవారికి ఈ భాగం విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. ప్రభువు ఒక దారి చూపిస్తాడు: తన ప్రత్యర్థి ఆర్గైల్ ప్రభువు రాజద్రోహి అని అబద్ధపు సాక్ష్యం చెబితే అప్పు సర్దుబాటు చేస్తానంటాడు. రాబ్ ఒప్పుకోడు. అక్కడితో అతని ఇల్లూ, పశువులూ, పేరూ అన్నీ పోతాయి.

మనకు పరువు, పౌరుషం, మాట అని మూడు మాటలున్నాయి. ఈ సినిమాలను వేరు చేయడానికి నాకు ఇంతకన్నా మంచి కొలబద్ద దొరకలేదు. పరువు నలుగురి కళ్ళలో ఉండేది, పౌరుషం ఎదుటివాడు రెచ్చగొడితే లేచేది, మాట ఎవరూ చూడకపోయినా నిలబెట్టుకునేది. 'బ్రేవ్‌హార్ట్' పూర్తిగా పౌరుషం సినిమా. మాంట్రోజ్ ప్రభువు పాకులాట అంతా పరువు కోసం. రాబ్ పట్టుకుని వేలాడేది మాటను. ఆ మూడవదాన్ని కథానాయకుడి మీద పొగడ్తగా వదిలేయకుండా, దానికి అయిన ఖర్చు ఎవరు కట్టారో చూపించడమే ఈ సినిమా గొప్పదనం. ఖర్చు కట్టింది అతని భార్య మేరీ.

సైనికులు ఇల్లు తగలబెట్టిన ఉదయం కన్నింగ్‌హామ్ ఆమెను చెరుస్తాడు. ఆ సంగతి భర్తకు తెలిస్తే పగకు బయలుదేరి చస్తాడని, ప్రభువుకు కావలసింది కూడా అదేనని ఆమెకు వెంటనే అర్థమవుతుంది. కనుక చెప్పదు. మేరీగా జెసికా లాంగ్ ఆ మౌనాన్ని మోసిన తీరు చూస్తే, రాబ్‌గా నటించిన లియామ్ నీసన్ వీరత్వం కాస్త తేలికగా, దాదాపు విలాసంగా కనిపిస్తుంది. రచయిత అలన్ షార్ప్ ఈ ఎత్తిపొడుపును కావాలనే రాశాడని నా నమ్మకం. మాట మీద నిలబడడానికి మగవాడికి కొండలున్నాయి, గుహలున్నాయి, వెంట నడిచే నలుగురు మనుషులున్నారు. ఇంట్లో మిగిలినవాళ్ళకు ఏముందన్న ప్రశ్నను ఈ తరహా వీరగాథల్లో అడిగినవి చాలా తక్కువ.

ఆ సన్నివేశం కారణంగానే ఇది పిల్లలతో కూర్చుని చూడదగిన సినిమా కాదు. సంభాషణల్లో బూతు పాళ్ళు కూడా ఎక్కువే. నిడివి 139 నిమిషాలు, మొదటి గంట నెమ్మదిగా నడుస్తుంది. స్కాటిష్ యాస ఇంగ్లీషు బాగా వచ్చినవారిని కూడా తికమక పెడుతుంది కాబట్టి సబ్‌టైటిల్స్ పెట్టుకునే చూడండి. బ్రయాన్ కాక్స్ పోషించిన కిల్లెర్న్ నంగి మాటల్లోని విషం, అక్షరాలు కళ్ళ ముందు ఉంటే తప్ప పూర్తిగా అందదు.

ఇక చివరి ద్వంద్వయుద్ధం. సినిమాల్లో కత్తియుద్ధాలు ఇష్టపడేవారు ఈ ఒక్క ఘట్టం కోసమైనా దీన్ని చూడాలి. దీన్ని కూర్చింది విలియం హాబ్స్. రాబ్ చేతిలో హైలాండ్ వాళ్ళు వాడే వెడల్పాటి బరువైన ఖడ్గం, కన్నింగ్‌హామ్ చేతిలో పొడవడానికి పనికొచ్చే సన్నని తేలిక కత్తి. ఆయుధంలోనే ఇద్దరి స్వభావమూ ఉంది. నేపథ్య సంగీతం దాదాపు లేదు, బూట్ల చప్పుడు, ఊపిరి, ఉక్కు రాపిడి మాత్రమే వినిపిస్తాయి. బరువైన కత్తిని తిప్పే మనిషి ఎంత త్వరగా అలసిపోతాడో మనకు కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. రాబ్ చెయ్యి దిగజారుతుంది, కత్తి మొన నేలను తాకుతుంది, ఒంటి మీద గాట్లు ఒక్కొక్కటే పెరుగుతాయి. కన్నింగ్‌హామ్‌కు చెమట కూడా పట్టదు. ఆఖరికి మోకాళ్ళ మీద ఉన్న రాబ్ మెడ దగ్గరకు వచ్చిన కత్తిని ఒట్టి చేత్తో గట్టిగా పట్టుకుంటాడు. ప్రత్యర్థి దాన్ని వెనక్కి లాక్కోలేని ఆ ఒక్క క్షణం చాలు అతనికి. చుట్టూ నిలబడిన ఇద్దరు ప్రభువులకు అదంతా పందెం: రాబ్ గెలిస్తే అప్పు రద్దు, ఓడితే ఆర్గైల్ చెల్లిస్తాడు. ఒక మనిషి ప్రాణం, వాళ్ళ లెక్కలో ఆ 1,000 పౌండ్లే.

చరిత్ర విషయంలో కొంత హెచ్చరిక అవసరం. రాబ్ రాయ్ నిజంగా ఉన్న మనిషి. 1671లో కాట్రిన్ సరస్సు ఎగువన గ్లెన్‌గైల్‌లో పుట్టి, 1734లో బాల్‌క్విడర్ ప్రాంతంలో మరణించాడు. రాయ్ అన్నది ఇంటిపేరు కాదు, ఎర్రజుట్టువాడు అనే అర్థంలో హైలాండ్స్ వాళ్ళ భాష అయిన గేలిక్ మాట. మాంట్రోజ్ దగ్గర అప్పు, డబ్బుతో మాయమైన పశువుల తోలరి, ఇల్లు ఖాళీ చేయించడం, ఇవన్నీ చరిత్రలో ఆనవాళ్ళున్నవే. కన్నింగ్‌హామ్ పాత్ర మాత్రం కల్పితం. మాంట్రోజ్ అప్పటికే, 1707లోనే డ్యూక్ అయ్యాడు, సినిమా ఆయన్ని ఒక మెట్టు కిందే ఉంచింది. నీసన్ ఆరడుగులు దాటిన మనిషి. అసలు రాబ్ అంత పొడగరి కాదని, కానీ వంగకుండానే మోకాలి కింది మేజోళ్ళ పట్టీ కట్టుకోగలిగేంత పొడవైన చేతులున్నవాడని నవలాకారుడు వాల్టర్ స్కాట్ రాశాడు. కత్తియుద్ధానికి ఎత్తు కన్నా ఆ చేతులే మేలు.

సినిమా వదిలేసిన పెద్ద విషయం రాజకీయం. పదవీచ్యుతుడైన స్టూవర్ట్ రాజవంశాన్ని తిరిగి గద్దెనెక్కించాలనుకున్న జాకొబైట్ల తిరుగుబాట్లలో అసలు రాబ్ 1689 నుంచీ ఉన్నాడు. 1715లో షెరిఫ్‌మ్యూర్ యుద్ధం దగ్గర తన మనుషులతో ఉండి కూడా దిగకుండా చూస్తూ నిలబడ్డాడన్న అపవాదూ ఉంది. 1716లో కిల్లెర్న్‌ను పట్టుకుపోయి కాట్రిన్ సరస్సులోని ఒక లంకలో నిర్బంధించాడు. ఈ ఒక్క ఘట్టాన్ని మాత్రం సినిమా తన పద్ధతిలో వాడుకుంది. మరో సంగతి, మెక్‌గ్రెగర్ అన్న పేరే నేరం. 1603లో ఆ పేరును చట్టం నిషేధించింది, 1661లో ఎత్తివేసి, 1693లో మళ్ళీ విధించి, 1774లో గానీ పూర్తిగా తొలగించలేదు. రాబ్ తన తల్లి పుట్టింటి పేరు క్యాంప్‌బెల్ వాడుకోవాల్సి వచ్చింది. అప్పు ఎగ్గొట్టకముందే, పుట్టుకతోనే చట్టానికి బయట నిలబడిన వంశం అది.

మనం రోజూ వాడే బ్లాక్‌మెయిల్ అనే మాట కూడా ఈ సీమ నుంచీ, దీనికి దక్షిణాన ఉన్న సరిహద్దు ప్రాంతం నుంచీ వచ్చిందే. ఇందులో మెయిల్‌కు ఉత్తరాలతో సంబంధం లేదు, స్కాట్స్ భాషలో దానికి శిస్తు, కౌలు అని అర్థం. పశువులను దొంగల బారి నుంచి కాపాడతామని చెప్పి రైతుల దగ్గర వసూలు చేసే సొమ్ము అది. కట్టనివాళ్ళ పశువులు ఎలాగో మాయమయ్యేవి. రాబ్ రాయ్ వ్యాపారాల్లో అదీ ఒకటి. సినిమా మొదట్లో అతను, దొంగలు తోలుకుపోయిన పశువుల వెంట పడే కాపలాదారుగా కనిపిస్తాడు, ఆ కాపలాకు రెండో వైపు ఉన్న బెదిరింపును మాత్రం తెర మీదికి రానీయలేదు. ఈ సంగతి తెలిసి చూస్తే నీసన్ రాబ్ మరీ కడిగిన ముత్యంలా ఉన్నాడనిపించడం సహజం.

పాట గురించి ఒక్క ముక్క. పశువుల సొమ్ము కోసం ఎదురుచూస్తూ ఊరంతా ఆడిపాడే రాత్రి, కేపర్‌కేలీ బృందపు గాయని కేరెన్ మాథసన్ గేలిక్ విలాపగీతం ఒకటి పాడుతుంది. సముద్రంలో మునిగిపోయిన అలన్ అనే ప్రియుడి కోసం ఒక యువతి ఏడ్చిన పాట అది. సినిమాలో అడవిలో చనిపోయే స్నేహితుడి పేరు కూడా అలనే. ఆ పాట అసలు పుట్టింది 18వ శతాబ్దం చివరి భాగంలో, అంటే కథాకాలానికి డెబ్భై ఏళ్ళ తరువాత. ఈ తప్పును నేను సంతోషంగా క్షమించేశాను.

ఇప్పుడు పక్కవాటి సంగతి. 'బ్రేవ్‌హార్ట్' 178 నిమిషాల సినిమా. వేలమంది సైన్యం, ఉపన్యాసం, త్యాగం, జేమ్స్ హార్నర్ సంగీతం, ఇవి కావాలంటే దానికి సాటి లేదు. మన పెద్ద తెర వీరగాథలకు అలవాటుపడిన ప్రేక్షకుడికి మొదటి చూపులో నచ్చేది అదే. కానీ హైలాండ్స్ కోసం అయితే అది సరైన చిరునామా కాదు. దాని కథానాయకుడు విలియం వాలెస్ మైదానప్రాంతపు మనిషి, అతని కాలానికి గళ్ళ దుప్పటి కట్టు ఇంకా రానేలేదు, ముఖానికి నీలం రంగు అతనికి వెయ్యేళ్ళ ముందటి జాతుల ఆచారం. 1297లో స్టిర్లింగ్ వంతెన దగ్గర జరిగిన యుద్ధాన్ని వంతెనే లేకుండా తీశారు. అసలు ఆ గెలుపుకు కారణం ఆ ఇరుకు వంతెనే, సగం సైన్యం దాటాక మీద పడి కొట్టారు. వాలెస్‌తో ప్రేమలో పడినట్టు చూపిన ఫ్రెంచి రాకుమారి, 1305లో అతణ్ణి ఉరితీసేనాటికి పదేళ్ళ పిల్ల, ఇంగ్లండులో అడుగు కూడా పెట్టలేదు. సినిమాలో చాలా భాగం ఐర్లండ్‌లో తీశారు. 'రాబ్ రాయ్' మాత్రం గ్లెన్ నెవిస్, గ్లెన్‌కో వంటి అసలైన కొండల మధ్యే ఊపిరి పీల్చుకుంది. దర్శకుడు మైకేల్ కాటన్-జోన్స్ కూడా స్కాట్లండ్ వాడే. కొండ మీద వాన ఎలా కురుస్తుందో, తడిసిన ఉన్ని ఎంత బరువుగా వేలాడుతుందో ఇందులో కనిపిస్తుంది.

యుద్ధాలే కావాలి, కానీ కాస్త నేల మీద నడిచే కథ కావాలనుకునేవారు 'బ్రేవ్‌హార్ట్' బదులు 2018లో నెట్‌ఫ్లిక్స్ కోసం డేవిడ్ మెకెంజీ తీసిన 'అవుట్‌లా కింగ్' చూడవచ్చు. నిడివి రెండు గంటలు. కొన్ని నిమిషాల పాటు కోత లేకుండా సాగే తొలి షాట్‌లోనే లొంగుబాటు, కత్తిపోటీ, కోట మీదికి నిప్పు విసిరే రాక్షసయంత్రం అన్నీ వచ్చేస్తాయి. రాబర్ట్ బ్రూస్ 1306లో డంఫ్రీస్ చర్చిలో ప్రత్యర్థి జాన్ కామిన్‌ను పొడిచి చంపి, కొద్ది వారాల్లోనే రాజుగా పట్టాభిషేకం చేయించుకుని, ఆ వెంటనే ఓడిపోయి పారిపోతాడు. రాజూ అతనే, దొంగా అతనే. ఈ వింత స్థితిని సినిమా బాగానే పట్టుకుంది గాని, క్రిస్ పైన్ బ్రూస్ మనసులో ఏముందో చివరిదాకా మూత తీయదు. ముగింపు యుద్ధంలో ఇంగ్లండు యువరాజును నిలబెట్టడం కల్పన. నెత్తురు, నగ్నత్వం ఉన్నాయి కనుక ఇది కూడా పెద్దలకే.

ఇంటిల్లిపాదీ కూర్చుని చూడాలంటే 1953లో డిస్నీ తీసిన 'రాబ్ రాయ్, ద హైలాండ్ రోగ్' ఉంది. రిచర్డ్ టాడ్ కథానాయకుడు. గంటన్నర లోపే ముగుస్తుంది, అందరి బట్టలూ ఇప్పుడే చాకలి ఇచ్చినట్టుంటాయి, ఎవరికీ పెద్దగా ఏమీ కాదు. అదే మనిషి కథ కదా అని 1995 సినిమాకు బదులుగా దీన్ని పెట్టుకుంటే నిరాశ తప్పదు. పిల్లలతో చూడటానికి నేనైతే దీనికన్నా, అదే సంస్థ 1960లో తీసిన 'కిడ్నాప్డ్' వైపే మొగ్గుతాను. ఆస్తి కోసం సొంత చిన్నాన్న ఓడకు అమ్మేసిన డేవిడ్ బాల్ఫోర్ అనే కుర్రవాడు, ఆ ఓడలోనే జాకొబైట్ పలాయితుడు అలన్ బ్రెక్‌ను కలుసుకుంటాడు. ఒకడు రాజుకు విధేయుడు, ఇంకొకడి తల మీద వెల ఉంది. ఆ ఇద్దరి స్నేహం పన్నెండేళ్ళ పిల్లలకు కూడా అర్థమయ్యే భాషలో మాట అంటే ఏమిటో చెబుతుంది. వెనకనున్న హత్య నిజంగా జరిగినదే: 1752 మే 14న ఆపిన్ దగ్గర కాలిన్ క్యాంప్‌బెల్ అనే ప్రభుత్వ కారియస్తుణ్ణి ఎవరో కాల్చి చంపారు, 15 మంది జ్యూరీలో 11 మంది క్యాంప్‌బెల్‌లే కూర్చున్న న్యాయస్థానం జేమ్స్ స్టూవర్ట్‌కు ఉరి వేసింది. ఈ విచారణ భాగం మీద ఆసక్తి ఉన్న పెద్దలకు, మైకేల్ కెయిన్ అలన్ బ్రెక్‌గా నటించిన 1971 నాటి 'కిడ్నాప్డ్' మెరుగు.

సాహసం ముసుగు తీసేసిన కథ చూడాలన్నవారికి 1964లో పీటర్ వాట్కిన్స్ బీబీసీ కోసం నలుపు తెలుపులో తీసిన 'కల్లోడెన్' ఉంది. 1746 ఏప్రిల్ 16న జాకొబైట్లు చివరిసారి ఓడిపోయిన యుద్ధాన్ని, టీవీ విలేఖరి అక్కడే ఉండి సైనికులతో మాట్లాడుతున్నట్టు, ఔత్సాహిక నటులతో తీశాడు. ఎవరి పేరేమిటి, ఎంత పొలం సాగు చేస్తున్నాడు, దానికి బదులు నాయకుడి వెంట యుద్ధానికి ఎందుకు రావాల్సి వచ్చింది, రాకపోతే ఇల్లు ఏమవుతుంది అని వ్యాఖ్యాత ఒక్కొక్కరి గురించీ చదువుతుంటాడు. గంటకు పైచిలుకు సినిమా. అసలు యుద్ధం గంట కూడా సాగలేదు. దీన్ని 'రాబ్ రాయ్' తరువాతే చూడండి, ముందు చూస్తే మిగతావన్నీ వేషాల్లా కనిపిస్తాయి. 1986 నాటి 'హైలాండర్' పేరు చూసి ఈ వరసలో చేర్చుకోవద్దు, అది చావులేని మనుషుల కల్పితగాథ.

వరసగా రెండు మూడు చూసే తీరిక ఉంటే 'రాబ్ రాయ్', 'కల్లోడెన్', 1960 'కిడ్నాప్డ్' అన్న క్రమం పెట్టుకోండి. మూడవదాన్ని చివరన ఉంచడానికి పిల్లలు కాక ఇంకో కారణం ఉంది. కొండదారిలో ఒక గుడిసెలో అలన్ బ్రెక్‌కు బద్ధశత్రువు ఎదురవుతాడు. కత్తులు దూయబోయిన ఇద్దరినీ ఇంటాయన ఆపి, బ్యాగ్‌పైప్ ఊదడంలో తేల్చుకోమంటాడు. ఆ శత్రువుగా కనిపించే సన్నని యువకుడు, అప్పటికింకా ఎవరికీ తెలియని పీటర్ ఓ'టూల్. పాత్ర పేరు రాబిన్ మెక్‌గ్రెగర్, రాబ్ రాయ్ చిన్నకొడుకు. చరిత్రలో ఆ రాబిన్‌ను 1754లో ఎడిన్‌బరోలో ఉరితీశారు, ఒక వితంతువును బలవంతంగా ఎత్తుకుపోయి పెళ్ళాడిన నేరానికి. 1995 సినిమాలో మేరీ పడిన బాధను చూసి వచ్చినవారికి, ఆ గుడిసెలో అతను ఊదే రాగం మరో రకంగా వినిపిస్తుంది.